పావు అంగుళం గొట్టం

మా ఫ్రిజ్ తలుపుకి ఒక నోరుంది.
గ్లాసు ఆనిస్తే మంచు ముక్కలు రాల్చాల్సిన నోరు.
పదకొండేళ్ళుగా తెరిచే ఉంది, పలకలేదు.
"ఈసారి వచ్చినప్పుడు కలిపేస్తాలే, డెల్ఫీన్" అంటూ
ఓర్విల్ పదకొండేళ్ళూ దాని ముందు నుంచే నడిచాడు.

మా ఆయనకి రెండు వారాలు సముద్రం, చమురు రిగ్గు మీద.
రెండు వారాలు ఇల్లు, సోఫా మీద.
గల్ఫ్ అడుగుదాకా గొట్టాలు దించే చేతులకి
సింకు నుంచి ఫ్రిజ్ దాకా
దూరాభారమైపోయింది.

లేక్ చార్లెస్‌లో ఆగస్టు. గాలిని పిండితే గిన్నె నిండుతుంది.
ట్రేలో నీళ్ళు పట్టి, తొణక్కుండా మోసి,
గడ్డకట్టాక మెలిపెట్టి విరుస్తుంటే
సోమవారం మణికట్టు కలుక్కుమంది.
మంగళవారం హార్డ్‌వేర్ దుకాణంలో ఉన్నాను.

కౌంటర్ కుర్రాడు పైపుకి సూది గుచ్చే వాల్వు చూపించాడు.
"చవక. కొయ్యక్కర్లేదు. అయిదు నిమిషాలు."
నా వెనక మేకులు తూయిస్తున్న ముసలాయన
తలెత్తకుండానే అన్నాడు:
"గుచ్చిన చోటు ఏదో ఒక రోజు కారుతుందమ్మా. టీ జాయింటు పెట్టుకో."
పేరడగలేదు. మాట మాత్రం విన్నాను.

ఇరవై ఆరేళ్ళు స్కూలు బస్సు నడిపినదాన్ని.
అరవై మంది అల్లరిని అద్దంలో కనిపెడుతూ
ఇరుకు సందుల్లో మలుపు తిప్పినదాన్ని.
సింకు కింద వెల్లకిలా పడుకుంటే
నా నడుమే నన్ను గుర్తుపట్టలేదు.
పక్కింటి టెవిన్ టార్చి పట్టాడు. తొమ్మిదేళ్ళవాడు,
వాడి చూపెటో వెలుగూ అటే:
నా చేతుల మీద కాసేపు, సాలీడు మీద చాలాసేపు.

వీధి వాల్వు కట్టేశాను.
కుళాయి విప్పి పైపుల్లో మిగిలిన గుటకలు వదిలించాను.
చన్నీళ్ళ పైపు కోశాను, టీ కూర్చాను,
సన్నపు రాగి గొట్టానికి నట్టు ఎక్కించి
ఇత్తడి ఉంగరం తొడిగాను.
ఒకసారి బిగిస్తే ఆ ఉంగరం ఊడదట,
వద్దనుకుంటే గొట్టాన్నే కొయ్యాలట.
నవ్వొచ్చింది. ఎందుకని టెవిన్ అడిగాడు.
పెద్దయ్యాక చెబుతానన్నాను.

నీళ్ళు వదిలితే నట్టు అంచున
ఒక చుక్క ఊరింది. పడదు, ఆరదు.
పావు చుట్టు తిప్పాను. అంతే.
ఇంకా తిప్పితే నలుగుతుంది, ఇక్కడే ఆపకపోతే
బాగుచేసే చేతులే పాడుచేస్తాయి.
కాగితం ముక్క చుట్టి వదిలేశాను. పొద్దున దాకా పొడిగానే ఉంది.

ఫ్రిజ్‌ని ముందుకి లాగినప్పుడు చూశాను.
దుమ్ము, ఒక అయస్కాంతం, ఎండిన బఠాణీలు,
పోయిందని ఇల్లంతా తిట్టుకున్న టేపు.
గోడ మీద పెన్సిల్ గీత, పక్కన
ఓర్విల్ వంకర అంకెల్లో: తొమ్మిదడుగులు.

అంటే ఒకప్పుడు కొలిచాడు.
మోకాళ్ళ మీద ఈ ఇరుకులో దూరి, అంకె వేసుకుని,
ఎవరో పిలిస్తే లేచి ఉంటాడు.
నేనే పిలిచానేమో.
ఆ గీత తుడవలేదు.

గొట్టం కడిగిన మొదటి బకెట్ బెండమొక్కలకి పోశాను.
మొదటి విడత మంచు ప్లాస్టిక్ రుచి.
టెవిన్ దాన్ని వాళ్ళక్క వీపులో వేసి
రెండు వీధులు పరుగెత్తాడు.

శుక్రవారం ఓర్విల్ వచ్చాడు. బూట్లు విప్పకుండానే
అలవాటుగా ట్రే తీసి కుళాయి కింద పెట్టాడు.
అది నిండే వేళకి
ఫ్రిజ్ లోపల దడదడమని రాలాయి.
"ఎవరది?" అన్నాడు వెనక్కి తిరిగి.
నేను ఉల్లిపాయ తరుగుతున్నాను.

నిండు ట్రే పట్టుకుని, చుక్క తొణక్కుండా,
చాలాసేపు ఆ నోటి ముందు నిలబడ్డాడు.
"తొమ్మిదడుగులు సరిపోయాయా?"
"పదహారు పట్టింది.
ఫ్రిజ్ ముందుకీ వెనక్కీ జరగాలంటే
గొట్టం మూడు చుట్టలు వదులుగా ఉండాలి.
అది నువ్వు లెక్కేసుకోలేదు."